ఆడవాళ్ల వార్డు, 9వ నంబరు మంచం: పది రాత్రుల్లో నేను చూసిన నర్సింగ్

మొన్న కార్తీకంలో మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి తలస్నానం చేసి వస్తూ తడి వసారాలో జారిపడింది. 74 ఏళ్ల మనిషి. పైగా 15 ఏళ్లుగా షుగరు. తుంటి ఎముక విరిగింది. తెనాలిలో ఎక్స్‌రే తీసి గుంటూరు తీసుకెళ్లమన్నారు. నేను ఆర్టీసీ కండక్టర్ని, 27 ఏళ్ల సర్వీసు. 2020లో మమ్మల్ని ప్రభుత్వంలో కలిపాక మాకూ ప్రభుత్వ ఉద్యోగులకిచ్చే వైద్య పథకం కార్డు, ఈహెచ్‌ఎస్ కార్డు వచ్చింది, ఆ కార్డు మీదే చేర్పించాం. శనివారం ఆపరేషన్ చేసి తుంటి కీలులో బాల్ మార్చారు. మొత్తం పది రాత్రులున్నాం. పగలు మా ఇంటావిడ, రాత్రి నేను. ఆడవాళ్ల వార్డులో రాత్రిళ్లు మగవాళ్లని ఉండనివ్వరు, పిలిస్తేనే లోపలికి వెళ్లాలి. వార్డు తలుపు పక్కన ఒక చెక్క బల్ల ఉంటుంది. దాని ఎదురుగానే నర్సులు కూర్చునే కౌంటరు. ఆ బల్ల మీద కూర్చుని పది రాత్రులు నేను చూసింది ఇక్కడ రాస్తున్నాను.

ఆస్పత్రి పేరు రాయను. నేను మెచ్చుకునే పిల్లలు, నేను తప్పుపట్టే యాజమాన్యం ఒకే కప్పు కింద ఉన్నారు. పేరు రాస్తే రేపు ఆ పిల్లలనే పిలిచి అడుగుతారు. డాక్టరుగారి గురించి కూడా ఎక్కువ రాయను. ఆపరేషన్ బాగా చేశారు, రోజూ పొద్దున వచ్చి మూడు నిమిషాలు చూసి వెళ్లేవారు. మిగతా రోజంతా, రాత్రంతా మా అమ్మ నర్సుల చేతుల్లోనే ఉంది.

చేర్పించిన రోజు మావాళ్లు ఏడుగురు వచ్చారు. పల్లెటూరి మర్యాద అంతే. మంచాన పడ్డ మనిషిని చూడటానికి రాకపోతే జీవితాంతం ఎత్తిపొడుపు వినాలి. అందరూ మంచం చుట్టూ నిలబడ్డారు. సిస్టర్ సెలైన్ పెట్టడానికి నరం వెతుకుతోంది, వెలుతురు రాకుండా మా పెద్దమ్మ కొడుకు అడ్డం నిలబడ్డాడు. "ఒక్కరుండి మిగతావాళ్లు బయటికెళ్లండి సార్" అంది ఆ అమ్మాయి. మా బాబాయి గయ్యిమన్నాడు. "మేమేమన్నా పరాయివాళ్లమా? మా వదిన అక్కడ పడుంటే బయట కూర్చోమంటావేంటి?" ఆ పిల్లకి 23 ఏళ్లుంటాయి. మొహం ఎర్రబడింది గానీ నరం మీద నుంచి వేలు తీయలేదు. మళ్లీ అదే గొంతుతో "ఒక్కరుండండి సార్" అంది. నేను లేచి అందరినీ బయటికి తీసుకెళ్లాను. ఫుట్‌బోర్డు మీద పదిమంది వేలాడుతుంటే లోపలికి జరగండని రోజుకు రెండొందలసార్లు అరిచే ఉద్యోగం నాది. జరగమన్నందుకు నన్ను తిట్టనివాడు లేడు. ఆ అమ్మాయి పరిస్థితి నాకు వెంటనే అర్థమైంది.

సాయంత్రం అమ్మకి కాస్త తెలివొచ్చింది. అదే అమ్మాయి బీపీ చూస్తుంటే ముఖానికి బొట్టు లేకపోవడం గమనించింది. "మీరెవరమ్మాయ్?" అని అడిగింది. మా వైపు ఆ ప్రశ్నకి అర్థం అందరికీ తెలుసు. కులమేదో చెప్పమని. ఆ పిల్ల పట్టీ విప్పుతూ "సిస్టర్లం మామ్మా" అని నవ్వి పక్క మంచానికి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న ఆమె అప్పటికి ఎన్ని మంచాల దగ్గర విని ఉంటుందో. మా అమ్మని మందలిద్దామనుకున్నాను, నొప్పితో ఉన్న మనిషిని ఏమనగలను?

ఇక్కడ మా ఇంటి సంగతే ఒకటి చెప్పాలి. అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో. అన్నా సారా కుగ్లర్ అనే అమెరికా లూథరన్ మిషన్ డాక్టరమ్మ ఆడవాళ్ల కోసం 1898లో తెరిచిన ఆస్పత్రి అది. ఆమె మన దేశం వచ్చింది 1883లో, కన్నుమూసింది 1930లో, ఈ గుంటూరులోనే. మా అమ్మమ్మ ప్రసవం అయి ఇంటికొచ్చాక గడప బయటే తలస్నానం చేయించి, పసుపునీళ్లు చల్లి గానీ లోపలికి రానివ్వలేదట. బిడ్డని తీసింది, తుడిచింది, అమ్మమ్మకి మూడు రోజులు గుడ్డలు మార్చింది అక్కడి క్రైస్తవ నర్సులు. ఆ పని మనవాళ్లు ముట్టేవాళ్లు కాదు. రక్తం, మలమూత్రాలు, పురుడు, పీనుగ, ఇవన్నీ మైల. అందుకే ఈ చదువులోకి మొదట వెళ్లింది మిషన్ బడుల్లో పెరిగిన పిల్లలు, భర్త పోయిన ఆడవాళ్లు, కేరళ నుంచి వచ్చిన క్రైస్తవ అమ్మాయిలు. మనం చేయలేమన్న పని వాళ్లు చేసిపెట్టారు, ఆ పని చేసినందుకే వాళ్లని దూరం పెట్టాం. ఆ ముద్ర ఇప్పటికీ పోలేదని ఆ బల్ల మీద కూర్చున్నాక నాకు తెలిసింది. మా వార్డు ముందు నుంచి వెళ్తూ ఒకాయన భార్యతో అంటున్నాడు, "నర్సు సంబంధం వద్దని మీ అన్నకి చెప్పు, నైట్ డ్యూటీలు చేసే పిల్ల" అని. కౌంటర్లో ఇద్దరు పిల్లలు వింటూనే ఉన్నారు. తలెత్తకుండా కేస్‌షీట్లు రాసుకుంటున్నారు.

ఆపరేషన్ అయిన మర్నాడు, ఆదివారం. మూత్రం గొట్టం తీసేశారు. ఆ రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్, ఒక బ్రదర్. మగ నర్సుల్ని అందరూ బ్రదర్ అనే పిలుస్తారు. మంచి కుర్రాడు, ప్రకాశం జిల్లా వాడు, చేతులు చాలా మెత్తన. కానీ మా అమ్మ ఆడవాళ్ల వార్డులో మగపిల్లాణ్ణి చూసి బిగుసుకుపోయింది. సిస్టర్ అవతలి గదిలో ఆపరేషన్ నుంచి వచ్చిన మనిషి దగ్గర ఇరుక్కుపోయింది. అమ్మ సాయంత్రం ఏడింటి నుంచి మూత్రం ఆపుకుని పడుకుంది. "ఏమన్నా కావాలా మామ్మా" అని బ్రదర్ రెండుసార్లు అడిగాడు. "ఏమీ వద్దయ్యా" అంది రెండుసార్లూ. పదకొండింటికి పక్క మంచం ఆవిడ చూసింది, అమ్మ మొహం నిండా చెమటలు పట్టి ఉన్నాయట. బయటికొచ్చి నాకు చెప్పింది.

నేను సిస్టర్ని వెతికి చెప్పాను. ఆమె ఆయమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. తెర లాగింది. నేను బయట ఉన్నాను, కానీ తెర కింద నుంచి చేతులు కనిపిస్తున్నాయి, మాటలు వినిపిస్తున్నాయి. స్టీలు బెడ్‌పాన్‌లో ముందు వేడినీళ్లు పోసి తిప్పి పారబోసింది. తర్వాత దాని అంచు తన మణికట్టుకి ఆనించి చూసుకుంది, పసిపిల్లలకి పాలు పట్టేముందు చూసినట్టు. "చల్లగా తగిలితే కండ బిగుస్తుంది, అప్పుడు రాదు" అని ఆయమ్మకి చెప్తోంది. ఆపరేషన్ కాలు కదపకుండా, రెండు కాళ్ల మధ్య దిండు జారకుండా, మంచి కాలు మడిచి దాని బలంతో కొంచెం లేవమంది. "నా మెడ పట్టుకో మామ్మా, గట్టిగా పట్టుకో, నాకేం కాదు." అమ్మ పట్టుకుంది. మడికట్టుకుని వంట చేసే రోజుల్లో మనవల్నే దగ్గరికి రానివ్వని మనిషి, మొదటి రోజు తాను కులమడిగిన ఆ పిల్ల మెడ చుట్టూ రెండు చేతులూ వేసింది. పైన దుప్పటి కప్పే ఉంచింది సిస్టర్, ఒంటి మీద ఎక్కడా గాలి తగలనివ్వలేదు. పక్కనున్న వాష్‌బేసిన్ పంపు కొంచెం తిప్పి వదిలింది, నీళ్ల చప్పుడుకి సిగ్గు తగ్గుతుందని. అయిపోయాక వెచ్చటి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో అద్ది, నడుం కింద చెయ్యి పెట్టి ఒరిపిడి ఏమన్నా ఉందేమో తడిమి చూసింది. మొత్తం పావుగంట పట్టింది. ఆ పావుగంటలో మిగతా మంచాలకి ఒక్క బ్రదరే దిక్కు.

బయటికొచ్చాక ఆ అమ్మాయి నాతో గట్టిగానే మాట్లాడింది. "నాలుగు గంటలు ఆపుకుంటే ఇన్ఫెక్షన్ వస్తుంది సార్. బ్రదర్‌కి చెప్పడానికి సిగ్గయితే ఆయమ్మకి చెప్పమనండి. ఎవరో ఒకరికి చెప్పమనండి." బ్రదర్ తప్పు ఇందులో ఏమీ లేదు. మన ఆడవాళ్ల సిగ్గు ఎలాంటిదో తెలిసీ ఆడవాళ్ల వార్డుకి రాత్రి ఒక్క సిస్టర్నే వేసినవాళ్లది తప్పు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కి పొద్దున్నే చెబితే ఆ రాత్రి నుంచి ఇద్దరు ఆడపిల్లల్ని వేయించింది, బ్రదర్‌ని మగవాళ్ల వార్డుకి మార్చింది. మంచి పనే. వెళ్లేముందు ఆ కుర్రాడు అమ్మ దగ్గరికొచ్చి "నా వల్ల ఇబ్బంది పడ్డారు మామ్మా" అన్నాడు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని "నీ వల్ల కాదు నాయనా" అంది.

కొత్తగా వచ్చిన ఇద్దరిలో ఒకామె మలయాళీ, కొట్టాయం వైపు నుంచి. గుంటూరు వచ్చి రెండేళ్లయిందట. ఆమె తెలుగులో క్రియలు అటూఇటూ అవుతాయి గానీ ఒక విషయంలో మాత్రం మా కంటే బాగా తెలుగు తెలిసిన మనిషి. కోటు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని తిరిగేది. ఒక రాత్రి కౌంటరు మీద తెరిచి ఉంటే చూశాను. మలయాళం లిపిలో రాసుకుంది, ఏంటమ్మా అని అడిగితే చదివి వినిపించింది. సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు, తిమ్మిరి, నొక్కుడు, పీకుడు. అన్నీ నొప్పి మాటలే. పక్కన ఒక్కోదానికి అర్థం.

"డ్యూటీలో చేరినప్పుడు సున్నా నుంచి పది లోపల నొప్పి ఎంత అని అడిగేదాన్ని. మామ్మలు ఎవరూ నంబర్ చెప్పరు" అంది. నిజమే. మా అమ్మని డాక్టరుగారు అలా అడిగితే "నా బాధకి లెక్కేంటయ్యా" అంది. ఎప్పుడడిగినా "పర్లేదు" అనేది. మన పెద్దాళ్లకి నొప్పి చెప్పుకోవడం నామోషీ, ఓర్చుకోవడం గొప్ప. కొడుకు ముందు అసలు చెప్పరు. ఈమె సున్నాలు పదులు మానేసి, ఆ పుస్తకంలో మాటలతో అడగడం మొదలుపెట్టిందట.

ఆపరేషన్ అయిన ఐదో రాత్రి, ఒంటిగంటన్నర వేళ. అమ్మ మూలుగుతోంది. సిస్టర్ వెళ్లి "ఎక్కడ మామ్మా" అంది. "కాలు." "సలుపా, పోటా, తీపా?" అమ్మ కాసేపు ఆలోచించింది. "తీపు కాదే. పిక్క బిగదీసుకుపోయి పోటు పెడుతోంది" అంది. సిస్టర్ వెంటనే దుప్పటి తీసి రెండు పిక్కలూ పక్కపక్కన పట్టి చూసింది. టేపు తెచ్చి రెండింటి చుట్టుకొలతా తీసింది. ఆపరేషన్ కాలి పిక్క రెండు సెంటీమీటర్లు ఎక్కువుంది, వేడిగా కూడా ఉంది. డ్యూటీ డాక్టర్ని లేపింది. తుంటి ఆపరేషన్ తర్వాత కాలి నరంలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంటుందట. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందని ఆయన చెప్పాడు. పొద్దున్నే డాప్లర్ స్కాన్ తీశారు. గడ్డ లేదు, వాపు మాత్రమే. కానీ ఉండి ఉంటే ఆ రాత్రే దొరికేది. "కాలు నొప్పంట, పారాసిటమాల్ ఇచ్చాం" అని రాసేసి ఊరుకునేవాళ్లూ ఉంటారు. ఆపరేషన్ అయిన కాలు నొప్పి పెట్టక ఏం చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. పోటుకీ తీపుకీ తేడా పట్టుకున్నది మలయాళం మాట్లాడే పిల్ల.

కార్తీక సోమవారం గొడవ ఒకటుంది. ఆపరేషన్ అయి రెండు రోజులే, ఇంకా కూర్చోబెడితే కళ్లు తిరుగుతున్నాయి, అయినా అమ్మ నక్షత్రాలు చూసేదాకా తిననని భీష్మించింది. యాభై ఏళ్ల నియమం. షుగరు మనిషికి పొద్దున ఇన్సులిన్ ఉంది. మా ఇంటావిడ బతిమాలింది, నేను కోప్పడ్డాను. కోప్పడితే ఇంకా బిగుసుకుంది. మొదటి రోజు కులం అడిగించుకున్న అమ్మాయే ఆ పొద్దున ఇంకా డ్యూటీలో ఉంది. ఊరు రేపల్లె దగ్గర. ఆమె ఇన్సులిన్ సిరంజి ట్రేలోనే పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. వార్డులో సిస్టర్ కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మాకూ ఈస్టరుకి ముందు లెంటు రోజుల్లో ఉపవాసాలుంటాయి మామ్మా. నలభై రోజులు. మా నాయనమ్మ ఒక్కపూటే తినేది. కాలు విరిగిన ఏడాది పాస్టరుగారు ఇంటికొచ్చి, జబ్బు మనిషికి ఉపవాసం లేదు, ప్రార్థన చాలని చెప్పారు. అప్పుడు తింది."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడ కాలు అతికిందా?" అంది. "అతికింది. తర్వాత ఆరేళ్లు చర్చికి నడిచే వెళ్లింది." ఇడ్లీ ప్లేటు ముందు పెట్టించింది. రెండు ముద్దలు నోట్లోకి వెళ్లాకే సూది వేసింది. తినకుండా వేస్తే షుగరు పడిపోతుందని, ప్లేటు ఎదురుగా వచ్చి తినడం మొదలుపెట్టేదాకా వేయననీ మా ఇంటావిడకి చెప్పింది. ఆ పది నిమిషాల మాట ఏ కేస్‌షీట్లోనూ ఉండదు. "బ్రేక్‌ఫాస్ట్ తీసుకున్నారు, ఇన్సులిన్ ఇచ్చాం" అని మాత్రమే ఉంటుంది.

బుధవారం పౌర్ణమికి 365 వత్తులు వెలిగించాలంది. వార్డులో ఆక్సిజన్ ఉంది, అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు. మా ఇంటావిడ శివాలయంలో వెలిగించి వీడియో కాల్ చేసింది. రాత్రి సిస్టర్లిద్దరూ మంచం చక్రాల బ్రేకు తీసి కిటికీ వైపు తిప్పారు, చంద్రుడు కనపడేలా. అమ్మ చేతులు జోడించి చాలాసేపు అలాగే ఉంది.

ఇప్పుడు ఆస్పత్రి ఏర్పాట్ల గురించి. నాకు కోపం ఉన్నది ఇక్కడే.

వార్డులో 22 మంచాలు. రాత్రికి ఇద్దరు నర్సులు, ఒక ఆయమ్మ. అంటే ఒక్కొక్కరికి పదకొండు మంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆస్పత్రి జనరల్ వార్డులో ఐదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలి, మెడికల్ కాలేజీ ఆస్పత్రి అయితే ముగ్గురికి ఒకరు. సెలవులు పెట్టేవాళ్ల కోసం ఇంకో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలని కూడా ఉంది. నా బస్సులో సీట్లెన్ని, ఎక్కినవాళ్లెందరు అని లెక్క చూడటం నా పని కాబట్టి అక్కడా లెక్కే చూశాను. మంచం పక్కన పిలుపు గంట బొత్తాం ఉంది, నొక్కితే మోగదు. 9లోనూ మోగదు, 10లోనూ మోగదు. మూడుసార్లు చెప్పాం, వెళ్లేరోజుకీ బాగుచేయలేదు.

ఆ తక్కువని పూడ్చేది మనమే. సెలైన్ అయిపోతుందేమో చూడండి, అరగంటకోసారి నీళ్లు పట్టండి, పక్కకి తిప్పేటప్పుడు ఓ చెయ్యి వేయండి అని సిస్టర్లు అటెండెంట్లనే అడుగుతారు. మా చిన్నాన్న కూతురు ఇంగ్లండులో నర్సు. అక్కడ చుట్టాలు చూసిపోవడానికి వేళలుంటాయట, తినిపించడం, ఒళ్లు తుడవడం అన్నీ నర్సులు, వాళ్ల కింద సహాయకులే చేస్తారట. మన పద్ధతిలో మంచిదీ ఉంది. అమ్మకి కోడలి చేతి ముద్ద దిగినట్టు ఇంకెవరిదీ దిగదు. కానీ కుటుంబం ఉంటుంది కదా అని ఆ లెక్క మీద నర్సుల్ని తగ్గించేస్తే, ఎవరూ లేని మనిషి గతేంటి? 17వ నంబరు మంచం ఆవిడకి ఒక్క కూతురు, ఆవిడ కూలికి వెళ్లాలి. రాత్రిళ్లు ఆవిడ దాహమని పిలిస్తే నీళ్లిచ్చింది పక్క మంచాలవాళ్లు.

జీతం సంగతి నేను అడగలేదు, తెల్లవారుజామున మూడింటికి మాటల్లో వచ్చింది. రేపల్లె అమ్మాయి జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివింది. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు చిన్న ఆస్పత్రిలోనైనా నర్సుకి నెలకి 20,000కి తగ్గకూడదని, 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. ఈ పిల్లకి వచ్చేది ఆ 20,000లో సగం కంటే కొంచెం ఎక్కువ. హాస్టలుకి అందులోనే కోత. మధ్యాహ్నం డ్యూటీలో తెచ్చుకున్న టిఫిన్ బాక్సు రాత్రి ఎనిమిదింటికి కూడా మూత తీయకుండా కౌంటరు కింద ఉండటం నేను రెండుసార్లు చూశాను. మలయాళీ అమ్మాయి పని తెమిలినప్పుడల్లా ఫోనులో చిన్నగా వల్లె వేసుకునేది, డెర్, డీ, దస్ అని. జర్మన్ భాష. పరీక్ష పాసైతే అక్కడ ఉద్యోగమట. మన నొప్పి మాటలన్నీ పుస్తకంలోకి ఎక్కించుకున్న పిల్ల ఇంకో ఏడాదికి ఇక్కడ ఉండదు. ఆమెని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఇంకోటి, నాకు బాగా కష్టం కలిగించింది. డబ్బు మాట నర్సుల చేత చెప్పిస్తారు. బిల్లింగు కౌంటరు కింద, ఏసీ గదిలో. "అడ్వాన్సు కట్టలేదంటండి, రేపటి ఇంజక్షన్ పైకి రాదట" అని మంచం దగ్గరికొచ్చి చెప్పాల్సింది మాత్రం సిస్టర్. విన్నవాళ్ల కోపమంతా ఆమె మీదే. మాకు టికెట్ రేటు పెరిగిన రోజు ఇంతే. రేటు పెంచింది నేనైనట్టు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిడతారు. ఏడో రోజు రాత్రి ఇలాగే 4వ నంబరు మంచం వాళ్లబ్బాయి తాగొచ్చి, మందు ఆలస్యమైందని చెయ్యెత్తాడు. మా బల్ల మీదున్న మగవాళ్లం నలుగురం వెళ్లి పట్టుకున్నాం. గోడ మీద బోర్డు ఉంది, వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే 2008 చట్టం కింద మూడేళ్ల దాకా జైలని. సెక్యూరిటీ మనిషి రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. సిస్టర్ మందుల గదిలోకి వెళ్లింది. పంపు చప్పుడు వినిపించింది. మొహం కడుక్కుని, జుట్టు సర్దుకుని వచ్చి అదే 4వ మంచానికి వెళ్లి, ఆ అబ్బాయి తల్లికి బీపీ చూసింది. ఆమె చెయ్యి వణకడం నేను చూశాను. పట్టీ రెండుసార్లు విప్పి మళ్లీ చుట్టింది. ఆ రాత్రి ఆమెని ఇంటికి పంపించలేదు, కనీసం ఎవరూ వచ్చి ఎలా ఉన్నావని అడగలేదు. మేనేజర్ పొద్దున వచ్చి అడిగింది మందు ఎందుకు ఆలస్యమైందని.

మా డిపోలో ప్రయాణికుడు చెయ్యి చేసుకుంటే కనీసం యూనియన్ వాళ్లు వచ్చి టీ ఇప్పించి పక్కన కూర్చుంటారు. ఈ పిల్లలకి ఆ మాత్రం కూడా లేదు.

అడిగేవాళ్ల కోసం నా మార్కులు: నర్సింగ్ సేవకి ఐదుకి ఐదు. ఆస్పత్రి యాజమాన్యానికి రెండు, ఆ రెండూ శుభ్రతకీ, చెప్పగానే రాత్రి డ్యూటీలు మార్చిన ఇన్‌ఛార్జికీ. మీ వాళ్లని ఎక్కడ చేర్పించాలన్నా డాక్టరు పేరుతో పాటు రాత్రి వార్డుకి ఎంతమంది నర్సులో అడగండి. గంట నొక్కి చూడండి. మంచం దగ్గర ఒక్కరే ఉండండి. మీ పెద్దవాళ్లకి నొప్పి చెప్పుకోవడం తప్పు కాదని ముందే చెప్పి తీసుకెళ్లండి.

వెళ్లేరోజు అమ్మ రేపల్లె అమ్మాయి చేతిలో ఐదొందలు పెట్టబోయింది. తీసుకోలేదు. ఆయమ్మకివ్వమంది. సలహాల పుస్తకం అడిగి తీసుకుని అందరి పేర్లూ రాశాను. ఎవరు ఏ రాత్రి ఏం చేశారో తేదీలతో, బస్సులో టికెట్ల లెక్క కాగితం, నా ఎస్‌ఆర్ రాసినంత జాగ్రత్తగా. అది పైవాళ్లు చదువుతారో లేదో, రాతలో మాత్రం ఉంది.

నెల తర్వాత గుంటూరు నుంచి తెనాలి, పొద్దున తొమ్మిదిన్నర పల్లెవెలుగు. బస్సు కిక్కిరిసి ఉంది. నారాకోడూరు దాకా టికెట్లు కొడుతూ వెనక్కి వచ్చేసరికి కమ్మీ పట్టుకుని నిలబడి నిద్రపోతోంది రేపల్లె అమ్మాయి. నైట్ డ్యూటీ దిగి వస్తోంది. ఆధార్ కార్డు చేతిలోనే పట్టుకుని ఉంది. తెనాలికి ఆడవాళ్ల ఉచిత ప్రయాణం జీరో టికెట్ కొట్టి చేతిలో పెడితే కళ్లు తెరిచి, గుర్తుపట్టి, మొదట అడిగిన మాట, "మామ్మ నడుస్తోందా సార్?"

"వాకర్ పట్టుకుని వంటింటి దాకా వెళ్తోందమ్మా."

"పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు పెడుతున్నారా? మూడు నెలలు పెట్టాలి."

పెడుతున్నామన్నాను. ముందుకి తీసుకెళ్లి నా సీట్లో కూర్చోబెట్టాను. వడ్లమూడి రాకముందే తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. రేపల్లె బస్సు మారాలి కాబట్టి తెనాలి బస్టాండులో నేనే లేపాను.